పద్దెనిమిది పక్కన అక్షరం

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. తొంభైల మధ్య రోజులవి. బీఎస్సీ కెమిస్ట్రీ పాసై రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాక దొరికిన ఉద్యోగం. పొద్దున్నే మద్దిలపాలెంలో బస్సెక్కేదాన్ని. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నా పక్క సీటులో ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. జడ వరకూ రొయ్యల వాసనే. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. సిగ్గుపడాల్సిన విషయాలు వేరే ఉన్నాయని ఆ ఫ్యాక్టరీలోనే నేర్చుకున్నాను.

నా పని చెప్పుకోవడానికి పెద్దదే. కడిగే నీళ్లలో క్లోరిన్ సరిపడా ఉందో లేదో చూడాలి. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల చేతుల మీద దూది రుద్ది, ఆ దూదితో పరీక్ష పెట్టి, ఎన్ని క్రిములు పెరిగాయో లెక్కపెట్టాలి. గడ్డకట్టిన రొయ్యల దిమ్మకి కన్నం చేసి, లోపల థర్మామీటరు పెట్టి చూడాలి. దిమ్మ నడిమధ్యన మైనస్ పద్దెనిమిది డిగ్రీలు ఉండాలి. సెంటీగ్రేడులో. అంతకంటే వెచ్చబడితే, పైకి రాయిలా కనిపిస్తున్నా సరే, లోపల మాంసం నెమ్మదిగా పాడవుతుంది.

ఒలిచే హాల్లో ఆరు బల్లలుండేవి. నాలుగో బల్ల దగ్గర పదకొండుమంది పనిచేసేవారు. అందరూ ఒడ్డున ఉన్న జాలరిపేట వాళ్లే. మొగుళ్లు వేటకెళితే వీళ్లు ఇక్కడికొచ్చేవారు. అందరికంటే పెద్దావిడని పెద్దక్క అని పిలిచేవాళ్లం. ఆవిడ చేతిలో రొయ్య తల ఎప్పుడు ఊడిందో, పొట్టు ఎప్పుడు పోయిందో నాకెన్నడూ కనబడలేదు. ఐసునీళ్లలో నాని నాని ఆ వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉండేవి. నేను దూది పట్టుకుని వెళ్తే చేయి చాపి అనేది, "రుద్దమ్మా లేబుపాపా, రుద్దు. ఈ క్లోరినుకి మా సేతులకి తోలే ఉండట్నేదు, ఇంక పురుగులెక్కడుంటాయి."

నిజంగానే ఉండేవి కావు. ఆ బల్ల చేతులెప్పుడూ శుభ్రంగానే తేలేవి.

సరుకు దాచే చల్లగదులు రెండు. మొదటి గది పాతది. దాని తలుపు పక్కనున్న డయల్ మీద సున్నాకి కిందనున్న అంకెలన్నీ ఎర్రరంగులో ఉండేవి. అందరూ 'పద్దెనిమిది' అనేవారు తప్ప మైనస్ అనే మాట ఎవరి నోటా రాదు. రిజిస్టరులోనూ గంటకోసారి 18 అని రాసేవారు. గుర్తు లేదు, పక్కన అక్షరం లేదు. ఉత్త పద్దెనిమిది.

రెండో గది ఆ వేసవిలోనే కట్టారు. దాని మెషినరీ ఎక్కడో మూతపడిన ఐస్‌క్రీమ్ కంపెనీ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చింది. దాంతోపాటు డయళ్లు కూడా రెండొచ్చాయి, ఒకటి గడ్డకట్టించే ఫ్రీజరుకి, ఒకటి గదికి. బిగించిన రోజు ఫ్రీజరు డయల్‌ని మా పాత థర్మామీటరుతో పోల్చి చూశారు. రెండూ మైనస్ నలభై చూపించాయి. డయళ్లు బాగున్నాయని మేనేజరు గారు తేల్చేశారు. గది డయల్‌ని ఎవరూ పోల్చలేదు.

మైనస్ నలభై దగ్గర సెంటీగ్రేడూ ఫారెన్‌హీటూ ఒకటే అవుతాయని నేను డిగ్రీలో చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. ఆ రోజు అక్కడే నిలబడి ఉన్నాను. నాకు గుర్తు రాలేదు.

చల్లగదుల మిషన్లు చూసేది మా ఊరి పాతబస్తీ నుంచి వచ్చే ఒక భాయ్. చిన్నప్పటి నుంచి ఐసు ఫ్యాక్టరీల్లో పనిచేసిన మనిషి, చదువు మాత్రం ఐదో తరగతే. రెండో గది మొదలైన వారానికే ఆయన మేనేజరు దగ్గరికొచ్చి చెప్పడం నేను విన్నాను.

"సాబ్, ఈ గది కరవట్లేదు. ఆ గదిలోకెళ్తే రెండు నిమిషాలకి మీసం గడ్డకడతాది. ఇందులో పావుగంట నిలబడినా ఏటీ అవట్లేదు."

మేనేజరు ఫైల్లోంచి తల ఎత్తలేదు. "డయల్ ఎంత చూపిస్తోంది?"

"పద్దెనిమిదే సాబ్."

"మరి డయల్ కంటే నీ మీసానికి ఎక్కువ తెలుసా?"

ఆఫీసులో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. భాయ్ సలాం పెట్టి వెళ్లిపోయాడు.

నా దగ్గరున్న దిమ్మ థర్మామీటరు జూన్‌లో విరిగింది. కొత్తది కావాలని కాగితం రాసిస్తే అది మేనేజరు బల్ల మీద అలాగే పడి ఉంది. నేనే స్వయంగా గదిలోకి వెళ్లి చూస్తానంటే, ఆడవాళ్లకి చల్లగదిలో పనిలేదన్నారు. నా సైజు కోటు లేదట.

ఆగస్టులో కొనుగోలుదారు తరఫున ఏజెంటు వచ్చాడు, కొచ్చిన్ నుంచి. సరుకు ఓడెక్కే ముందు చూసి ఒప్పుకోవడం ఆయన పని. రెండో గది నుంచి దిమ్మలు తెప్పించి నా ల్యాబులోనే నీళ్లు పోసి కరిగించాడు. కరిగేకొద్దీ వాసన లేచింది. రొయ్య వీపుల మీద నల్లటి మచ్చలు. వేలితో నొక్కితే మాంసం మెత్తగా విడిపోయింది. ఆయన ఆరు దిమ్మలు చూశాడు, ఆరింటికీ తల అడ్డంగా ఊపాడు. రెండో గదిలో ఉన్న సరుకంతా వద్దన్నాడు. మొదటి గది సరుకు చూడటానికి మళ్లీ శనివారం వస్తానని చెప్పి వెళ్లాడు.

ప్రతి దిమ్మలోనూ ఏ బల్ల మీద ఒలిచారో రాసిన చీటీ ఒకటి ఉంటుంది. ఆ ఆరింటిలో నాలుగు చీటీల మీద నాలుగో బల్ల నంబరు ఉంది. మేనేజరుకి అది చాలు.

మర్నాడు పొద్దున పని మొదలయ్యే ముందు హాల్లో అందరినీ నిలబెట్టి, నాలుగో బల్ల వాళ్లని బయటికి రమ్మన్నారు. "మీ మురికి చేతుల వల్ల ఫ్యాక్టరీ పరువు పోయింది. రేపటి నుంచి రానక్కర్లేదు," అన్నారు.

పెద్దక్క చేతులు రెండూ చాపి చూపించింది. "ఏటి బాబూ, మురికేటి? రోజుకి ఇరవైసార్లు కడుగుతన్నాం. ఆ పాప రాసుకుంటన్నాది కదా, అడగండి."

అందరూ నా వైపు చూశారు. "రికార్డులు చూసి చెబుతాను," అన్నాను. వాళ్లు అప్రాన్లు విప్పి, మడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. మడత కూడా సరిగ్గా పెట్టారు.

మధ్యాహ్నం మేనేజరు పిలిచి, నాలుగో బల్ల చేతుల శుభ్రత బాగాలేదని రిపోర్టు రాసిమ్మన్నారు. రికార్డులు తీశాను. మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆ బల్ల తప్పలేదు. కరిగించిన రొయ్యలతో ముందురోజే పెట్టిన పరీక్షలో క్రిముల లెక్క చూశాను. అదీ ఎక్కువేం లేదు. మురికి చేతుల వల్లయితే ఆ లెక్క ఆకాశంలో ఉండాలి. ఇది మురికి కాదు. ఇది చలి చాలకపోవడం.

భాయ్ దగ్గరికి వెళ్లి కోటు అడిగాను. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, తన కోటే విప్పి ఇచ్చాడు. మోకాళ్ల కిందకి వచ్చింది. మొదటి గదిలోకి వెళ్లాను. గాలి పీలిస్తే ముక్కులోపల సూదులు గుచ్చినట్టయింది. బయటికొచ్చి రెండో గదిలోకి వెళ్లాను. చలిగానే ఉంది కానీ ఊపిరి ఆడుతోంది. భాయ్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "నాను సెప్పలేదా బేటీ," అన్నాడు.

లోపలి గోడకున్న డయల్ అడుగున మంచు పొర ఉంది. కోటు చేత్తో తుడిచాను. ముల్లు పద్దెనిమిది మీద ఉంది, సున్నాకి కుడివైపు, అంటే సున్నాకి పైన. అంకెల కింద, చిన్నగా, చీమ కాలంత అక్షరం. F.

క్లోరిన్ రిజిస్టరు వెనక పేజీలో లెక్క వేశాను. పద్దెనిమిదిలోంచి ముప్పై రెండు తీస్తే మైనస్ పద్నాలుగు. ఐదుతో హెచ్చవేసి తొమ్మిదితో భాగిస్తే మైనస్ ఏడు పాయింట్ ఏడు. మూడుసార్లు వేశాను. సరుకు మూడు నెలలుగా దాదాపు మైనస్ ఎనిమిదిలో ఉంది. మైనస్ పద్దెనిమిది కావాలంటే ఆ ముల్లు సున్నాకి ఒక పిసరు కిందనుండాలి.

"లెక్క నాకు అర్థం కాదు బేటీ. ఒక పని సేద్దాం," అని భాయ్ డయల్ నుంచి వచ్చే రాగి గొట్టాన్ని గోడ నుంచి విడదీసి, దాని చివర చలిని పసిగట్టే బుడ్డిని బయటికి లాగాడు. బకెట్లో ఐసు నలగ్గొట్టి, నీళ్లు పోసి, బుడ్డిని అందులో ముంచాడు. కరుగుతున్న ఐసు ఎక్కడైనా సెంటీగ్రేడులో సున్నా, ఫారెన్‌హీటులో ముప్పై రెండు. ముల్లు నెమ్మదిగా కదిలి ముప్పై రెండు దగ్గర ఆగింది.

మేనేజరు దగ్గరికి నా లెక్క పట్టుకెళ్లాను. ఆయన చదువుకున్న మనిషి, నాకంటే పెద్ద డిగ్రీ ఉంది. కాగితం చూడగానే ఆయనకి అర్థమైంది. అర్థమైన క్షణం ఆయన ముఖంలో నాకు కనిపించింది. మెడ దగ్గర ఎర్రబడింది. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"మంచి పని చేశావు. డయల్ మార్పిద్దాం," అన్నారు.

"మరి ఆ ఆడవాళ్లని పిలిపిస్తారా సార్?"

"చూడమ్మా. చేతుల వల్ల అయిందంటే మనుషుల్ని మార్చామని చెప్పి కొత్త ఆర్డరు అడగొచ్చు. మూడు నెలలు డయల్ చూసుకోలేదంటే మన దగ్గర ఇంకెవడూ కొనడు. నువ్వు రిపోర్టు అలాగే రాయి."

"రాయను సార్."

"నువ్వు రాయకపోతే టైపిస్టు రాస్తాడు," అన్నారు, విసుగు కూడా లేకుండా.

టైపిస్టే రాశాడు. మేనేజరు సంతకం పెట్టారు. నాలుగో బల్లవారి వ్యక్తిగత శుభ్రత లోపించినందున, అని మొదలయ్యే వాక్యం నా కళ్లెదుటే ఫైల్లోకి వెళ్లింది.

నేను వెంటనే ఏదో చేశానని చెప్పుకోవాలని ఉంది. చేయలేదు. రెండు రోజులు మామూలుగా పనికెళ్లాను. ఇంట్లో నా జీతం అవసరం ఉంది, అది నిజమే. కానీ భయం అంతకంటే నిజం. నాలుగో బల్ల దగ్గర అప్పటికే కొత్తవాళ్లు నిలబడ్డారు. వాళ్ల చేతుల మీద దూది రుద్దుతూ నాలో నేను ఉడికిపోయాను.

మూడోరోజు మధ్యాహ్నం ఒంట్లో బాగోలేదని చెప్పి జాలరిపేట వెళ్లాను. పెద్దక్క గుమ్మంలో వల బాగుచేస్తోంది. నన్ను చూసి పీట వేసి, మళ్లీ వల అందుకుంది. కాసేపటికి మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. చెప్పడం మొదలుపెట్టాను. సెంటీగ్రేడు, ఫారెన్‌హీటు అనేసరికి వాళ్ల ముఖాలు మూసుకుపోయాయి. ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయాను. అప్పుడు జ్వరం గుర్తొచ్చింది.

"అక్కా, జ్వరం ఎంత ఉందంటే వంద, నూట రెండు అంటాం కదా. కొందరు డాక్టర్లు అదే జ్వరాన్ని ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది అని రాస్తారు. వేడి ఒకటే. కొలిచే బద్దలు రెండు."

పెద్దక్క వల పక్కన పెట్టింది. "అదా. మొన్న మా మనవడికి ముప్పై తొమ్మిదని కాయితం మీద రాసిచ్చినారు. వందలోపే కదాని నాను ఊరుకున్నాను. నర్సమ్మ ఇన్ని తిట్లు తిట్టింది, నూట రెండు జరం పిల్లోడికి, ఏటి సేత్తన్నావ్ అని."

"అదే అక్కా. ఆ గదిలో బద్ద వేరేది. పద్దెనిమిది అని చూపించింది గానీ అది మన పద్దెనిమిది కాదు."

తర్వాత పెద్దక్క నన్నే చూస్తూ అడిగింది. "నీకిది ఎప్పుడు తెలిసినాది?"

"మొన్న."

"మొన్న తెలిస్తే ఇయాలొచ్చినావా. రెండ్రోజుల్నుంచి ఈ పేటంతా మమ్మల్ని మురికోల్లు అంటంది. నా కోడలు నా సేతి కూడు పిల్లోడికి ఎట్టనివ్వట్నేదు."

శనివారం ఏజెంటు మళ్లీ వస్తాడని మాత్రం చెప్పి లేచాను.

శనివారం ఏజెంటు కారు వచ్చే వేళకి పదకొండుమందీ గేటు ముందు నిలబడ్డారు. అరవలేదు, రాయి విసరలేదు. కారుకి అడ్డంగా నిలబడ్డారు, అంతే. వాచ్‌మన్ తిడుతున్నా కదల్లేదు. ఏజెంటు అద్దం దించి ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు. వాళ్లు నా వైపు చూశారు. నేను గేటు లోపల ఉన్నాను. మేనేజరు మెట్ల మీద నిలబడి నన్నే చూస్తున్నారు. గేటు దాటి కారు దగ్గరికి వెళ్లాను. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. చల్లగది డయల్ ఫారెన్‌హీటుది, ఈ ఆడవాళ్ల చేతుల్లో తప్పు లేదు, రికార్డులు నా దగ్గరున్నాయి.

ఆయన దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా తన పెట్టెలోంచి థర్మామీటరు తీసి రెండో గదిలోకి వెళ్లాడు. డయల్ ఇంకా మార్చలేదు. బయటికొచ్చి మేనేజరుతో, "మైనస్ ఏడున్నర," అన్నాడు. అంతే. సరుకు వద్దన్నాడు, ఇంతకు ముందూ వద్దనే అన్నాడు. ఆడవాళ్ల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అది ఆయన పని కాదు. వాళ్ల మధ్య నుంచే కారెక్కి వెళ్లిపోయాడు.

వారం తర్వాత ఏడుగురిని తిరిగి రమ్మని కబురొచ్చింది. పెద్దక్కనీ, ఇంకో ముగ్గురినీ రావద్దన్నారు. చేతులు మురికని కాదు, గేటు దగ్గర గొడవ చేశారని. ల్యాబులో ఇద్దరవసరం లేదని నన్ను తీసేశారు. ల్యాబులో ఉన్నది నేనొక్కదాన్నే. డయల్ మార్చారని భాయ్ తర్వాత చెప్పాడు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

తర్వాత గాజువాకలో ఒక ట్యుటోరియల్లో సైన్సు చెప్పాను. కొన్నేళ్లకి ఒక మంచినీళ్లు పరీక్షించే ల్యాబులో చేరాను. పెద్దక్క హార్బరులో సొంతంగా చేపలు అమ్ముకునేది. కనబడితే పలకరించేది. సంచిలో ఒక చేప ఎక్కువే పడేసేది. ఆ రెండ్రోజుల సంగతి మళ్లీ ఎత్తలేదు, తను మర్చిపోయిందని మాత్రం నన్నెప్పుడూ అనుకోనివ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక హోటల్ హాల్లో ఆహార భద్రత మీద ఒకరోజు శిక్షణ ఉంటే మా ల్యాబు నన్ను పంపింది. ఎక్కువగా కుర్రపిల్లలే, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు. మధ్యాహ్నం పాఠం చెప్పడానికి వచ్చినాయన్ని చూసి నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మా మేనేజరే. జుట్టు నెరిసింది, సలహాదారు అయ్యారు.

కొలతల గురించి చెబుతూ నవ్వించడానికి ఒక కథ చెప్పారు. "ఒకప్పుడు మా ప్లాంటులో సరుకు ఎందుకు పాడవుతోందో ఎవరికీ అంతుబట్టలేదు. నేనే ఒకరోజు గదిలోకెళ్లి డయల్ తుడిచి చూద్దును కదా, కింద చిన్న F." హాలంతా నవ్వింది. "అందుకే అంకె పక్కన అక్షరం చూడాలి. చిన్న పొరపాటే, కానీ పాఠం పెద్దది."

లేచి నిలబడ్డాను.

"సార్, ఆ పొరపాటుకి ఎంతమంది ఆడవాళ్లని పనిలోంచి తీసేశారో కూడా చెప్పండి."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని నన్ను చూశారు. గుర్తుపట్టారో లేదో ఇప్పటికీ చెప్పలేను. "అమ్మా, అవన్నీ అడ్మినిస్ట్రేషన్ విషయాలు. మనమిక్కడ టెంపరేచర్ గురించి మాట్లాడుకుంటున్నాం," అన్నారు, చాలా మర్యాదగా.

"నేనూ దాని గురించే మాట్లాడుతున్నాను," అని, కూర్చోకుండా, నిలబడే మొత్తం చెప్పాను. భాయ్ మీసం, ఐసు బకెట్టు, టైపు చేసిన రిపోర్టు, గేటు, అన్నీ. నిర్వాహకుడు రెండుసార్లు కూర్చోమన్నాడు. మేనేజరు బల్ల మీద కాగితాలు తిప్పుతూ ఉండిపోయారు. చివర్లో ఆ ఆడవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాను, కనీసం ఒక్క హాల్లోనైనా వినబడాలని. తొమ్మిది పేర్లు వచ్చాయి. పదోది రాలేదు. నాలుగో బల్ల ముందు వాళ్లు వరసగా నిలబడ్డ చోట్లు గుర్తున్నాయి, ముఖాలు గుర్తున్నాయి, ఆ ఇద్దరి పేర్లు మాత్రం రాలేదు. అంతమంది ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, అప్పుడు నా మీద నాకూ అంతే వచ్చింది.